రాయి ఎరగని ఊరి పిల్లకి

అమలాపురం

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

యురేనియం డ్రిల్లింగ్ క్యాంపులో జియాలజిస్టుగా చేరబోతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఆ పని తెలిసినవాళ్లు ఇంకొకరు ఉండబోతున్నారు. ఫోన్లో చెబితే సగం గాల్లో పోతుందని ఇలా రాస్తున్నాను.

బయల్దేరే ముందు ఒక పని చెయ్యి. కాలవలు కట్టేశారు కదా, మీ వీధి చివర మంచినీళ్ల బోరు వేస్తున్నారట. ఒక పూట వెళ్లి అక్కడ కూర్చో. పైపులోంచి నీళ్లతో పాటు వచ్చేదాన్ని చేతిలోకి తీసుకుని నలిపి చూడు. మొదట ఒండ్రు, తర్వాత సన్న ఇసుక, ఆపైన నల్లటి బంకమన్ను, అందులో గవ్వల ముక్కలు వస్తాయి. మేస్త్రి నీటిచుక్క నాలిక మీద వేసుకుని "ఉప్పు తగిలింది, ఇక్కడ ఆపేద్దాం" అంటాడు. నేను జియాలజీ మొదట నేర్చుకున్నది అలాంటి మేస్త్రి దగ్గరే. కానీ నీళ్లతో కొట్టుకొచ్చే మన్నులో పైదీ కిందదీ కలిసిపోతాయి, ఏ పిడికెడు ఏ అడుగుదో గట్టిగా చెప్పలేం. అందుకే మనం బోలు బిట్‌తో కోసి, రాతిని కడ్డీలాగా, కోర్‌గా బయటికి తీస్తాం. ఆ తేడా నీ చేతికి తెలిసి ఉండాలి.

నువ్వు వెళ్లేది కడప బేసిన్ (పురాతన రాతిపొరలు పేరుకున్న పల్లం) వాయవ్య అంచుకి, నల్గొండ వైపు లంబాపూర్, పెద్దగట్టు లాంటి చోటికి. మనం రాయి ఎరగని ఊళ్లో పుట్టాం, అక్కడ రాయి తప్ప ఇంకేం కనపడదు. నాగార్జునసాగర్ జలాశయం పక్కన బల్లపరుపు గుట్టలు ఉంటాయి. అడుగున 200 కోట్ల ఏళ్లు దాటిన గ్రానైట్. అది ఎండకీ వానకీ కుళ్లి, అరిగి, చదునైపోయాక దాని మీద గులకరాళ్లూ ఇసుకా పేరుకుని గట్టిపడ్డాయి. ఆ పైపొరల్ని శ్రీశైలం ఫార్మేషన్ అంటాం. రెండూ కలిసే గీతే అన్‌కన్ఫార్మిటీ. కోర్‌లో ఒక వేలు అడ్డంపెడితే కప్పేయగల గీత అది, కానీ కోట్ల ఏళ్ల చరిత్ర అక్కడ గల్లంతైపోయింది. యురేనియం ఆ గీత చుట్టూనే ఉంటుంది, ఎక్కువగా దాని కింది గ్రానైట్ పగుళ్లలో.

ఎందుకు అక్కడే అని అడుగుతావు. ఆక్సిజన్ ఉన్న నీటిలో యురేనియం కరిగి ప్రయాణం చేస్తుంది. గాలి ఆడని చోట, ఇనుము, గంధకం కలిసిన పైరైట్ ఖనిజం లాంటివి తగిలిన చోట ఇక కరిగి ఉండలేక రాతికి అంటుకుంటుంది. మీ నానమ్మ గోదారి కొత్తనీరు వచ్చినప్పుడు బిందెలో చిల్లగింజ అరగదీసేది, మట్టంతా అడుక్కి దిగేది. నాకు రాతిలో పిచ్‌బ్లెండ్ అనే యురేనియం ఖనిజం నల్లటి మరక కనబడినప్పుడల్లా ఆ బిందె అడుగే గుర్తొచ్చేది. కడప జిల్లా తుమ్మలపల్లెలో తీరు వేరు. అక్కడ అది డోలోస్టోన్ అనే సున్నపురాయి లాంటి పొర వెంట మైళ్ల కొద్దీ సాగుతుంది, శాతం మాత్రం 0.05 లోపే. ఆ రాయి యాసిడ్‌ని తినేస్తుంది కాబట్టి క్షారంతో తీస్తారు. నీ దగ్గర అంత సాఫీగా ఉండదు. ఒక బోరులో బాగా తగిలి, పక్క బోరులో ఏమీ లేకపోవచ్చు.

చేరిన మొదటి వారం పాత ఫైళ్లు చదువు. దేశంలో యురేనియం వెతకడం 1949లో చిన్న సర్వే యూనిట్‌గా మొదలవడం, 1951లో ఇప్పటి జార్ఖండ్‌లోని జాదుగూడ నిక్షేపం దొరకడం, 1990ల మొదట్లో లంబాపూర్ దాకా రావడం, ఇవి పుస్తకాల్లో ఉంటాయి. నేను చెప్పేది నీ సైట్ ఫైళ్ల గురించి. ఏ బావి నీళ్లలో యురేనియం ఎక్కువ వచ్చింది, ఏ వాగులో రేడియోధార్మికత కొలిచే కౌంటర్ పట్టుకుని నడిచారు, ముఖ్యంగా ఏ బోర్లు ఉత్తగా పోయాయి. ఉత్తగా పోయిన బోరు ఫైలుని ఎవరూ రెండోసారి తెరవరు. నువ్వు తెరువు.

అలాంటి ఫైలు ఒకటి నా చేతి మీదుగానే తయారైంది. అప్పటికి ఉద్యోగంలో చేరి మూడేళ్లు. రాత్రి షిఫ్టు. గీత దగ్గరపడుతున్న మూడు మీటర్ల రన్‌లో, అంటే ఒక్క విడతలో కోసిన పొడవులో, 1.8 మీటర్ల కోరే బయటికొచ్చింది. నేను నిద్రమత్తులో ముక్కలన్నీ దగ్గరికి జరిపి, పెట్టెలో ఖాళీ లేకుండా సర్ది, అక్కడే లోతు రాసిన గుర్తు చెక్క పెట్టేశాను. పైన శుభ్రమైన క్వార్ట్‌జైట్ (గట్టిపడ్డ ఇసుకరాయి), కింద శుభ్రమైన గ్రానైట్. లాగ్‌లో "ఏమీ లేదు" అని రాశాను. తర్వాత బోరులోకి గామా కిరణాలు కొలిచే ప్రోబ్ దించితే సరిగ్గా అక్కడే ముల్లు లేచింది. నేను నా పెట్టెని నమ్మి, యంత్రాన్ని అనుమానించాను. పక్కన వేయాల్సిన రెండు బోర్లు వేరే వైపుకి మారిపోయాయి. నాలుగు నెలల తర్వాత మా సీనియర్ ఒకాయన డ్రిల్లర్ పుస్తకంలో రాడ్లు లెక్కపెట్టి, ఒక్క మాట కూడా అనకుండా, 1.2 మీటర్ల కర్రముక్క కోయించి ఆ పెట్టెలో పోయినచోట పెట్టారు. ఆ కర్ర పట్టడానికి మిగతా ముక్కలన్నీ కిందికి జరపాల్సి వచ్చింది. నా చేతులతోనే జరిపాను.

ఖనిజం ఉన్నచోట గ్రానైట్ కుళ్లి మెత్తబడి ఉంటుంది, నీళ్ల ఒత్తిడికి కొట్టుకుపోయేదీ అదే. కాబట్టి గీత దగ్గరపడుతుంటే రిగ్ వదిలి వెళ్లకు. నీళ్లు తగ్గించమని, రన్ పొట్టిగా తీయమని డ్రిల్లర్‌ని అడుగు. "అన్నా" అని పిలిచి మర్యాదగా అడిగితే ఎంత టెన్షన్‌లో ఉన్నా చేస్తారు. పోయిన కోర్ కొలత పెద్ద అక్షరాలతో రాయి.

కౌంటర్ మోగగానే యురేనియం అనుకోకు. గ్రానైట్‌లో పొటాషియం, థోరియం కూడా మోగిస్తాయి. మన తీరంలో నల్ల ఇసుక మీద పెట్టినా మోగుతుంది, అది మోనజైట్ అనే ఖనిజంలో ఉన్న థోరియం. పైగా ఆ గామా ఎక్కువగా యురేనియం నుంచి పుట్టిన బిస్మత్‌లాంటి పిల్లలది. తల్లి నీళ్లతో వెళ్లిపోయి పిల్లలే మిగిలిన చోట్లూ ఉంటాయి. కెమికల్ రిపోర్టు వచ్చేదాకా ఆగు. అన్నం ముందు చేతులు కడుక్కో, కోర్ ముక్కల్ని ముచ్చటపడి గదిలో దాచుకోకు.

ఊరివాళ్లు వచ్చి అడుగుతారు. 2003లో పెద్దగట్టు గనుల మీద ప్రజాభిప్రాయ సేకరణలో జనం గట్టిగా వ్యతిరేకించారు, 2019లో నల్లమలలో యురేనియం వద్దని తెలంగాణ శాసనసభే తీర్మానం చేసింది. వాళ్ల భయాన్ని తక్కువ చేసి మాట్లాడకు. 1995లో మన పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండినప్పుడు రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా ఉండేది. రిగ్ అంటే ఏమిటో కోనసీమ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. డ్రిల్లింగ్ గని కాదని చెప్పు, గనికి అదే మొదటి మెట్టని కూడా చెప్పు. పని అయిన బోరుని సిమెంటుతో మూసేదాకా అక్కడే ఉండు. కేసింగ్ పైపు సరిగా లేని బోరులో ఉప్పునీరు మంచినీటి పొరలోకి ఎలా దిగుతుందో నువ్వు చూసిందే.

నా భూతద్దం పార్సిల్ చేస్తున్నాను, పాత తాడు తెగితే కొత్తది కట్టించాను. బోరు దగ్గరికి వెళ్లినప్పుడు ఉప్పు ఎన్ని అడుగుల్లో తగిలిందో మేస్త్రిని అడిగి, పొరలన్నీ లోతులతో సహా ఒక కాగితం మీద రాసి నాకు పంపు.

మీ పెదనాన్న