ఇంధనం పోస్తున్నంతసేపూ పక్కనే ఉండు తల్లీ

తల్లీ,

లైసెన్స్ చేతికొచ్చింది, ఇక ఆ చిన్న విమానం సెస్నా 172 ఎస్‌ని ఒక్కదాన్నే తీసుకెళ్తానన్నావు, అప్పటినుంచి నాకు ఇదే ఆలోచన. ఎగరడం నీకు బాగా వచ్చు, నేను చూశాను. కానీ ఇంధనం, ఆయిల్ సంగతి వేరేవాళ్ల పని అనుకునే పైలట్లను చాలామందిని చూశాను, నువ్వు అలా అనుకోకు.

ట్యాంకు నింపుతున్నంతసేపూ రెక్క పక్కనే నిలబడు. ఒకసారి నేను ఫోన్ మాట్లాడుతూ పక్కకి వెళ్లాను, పోసినతను మూత సరిగ్గా బిగించలేదు, నేనూ ఎక్కి చూడలేదు. గాల్లోకి లేచిన కాసేపటికి రెక్క వెనక అంచు నుంచి సన్నగా ధార కనపడింది. రెక్క పైన గాలి ఒత్తిడి తక్కువ కదా, మూత వదులుగా ఉంటే ఇంధనాన్ని బయటికి లాగేస్తుంది. వెంటనే వెనక్కి తిరిగి దిగాను. మూత చూసుకోవాల్సింది పైలట్టే, కాబట్టి ఆ తప్పు నాదే.

పోయడానికి ముందు మాస్టర్ స్విచ్, మాగ్నెటోలు (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేవి) ఆఫ్ చేసి తాళం నీ దగ్గర పెట్టుకో, లోపల ఎవరూ కూర్చోకూడదు. మూత తీయకముందే ఎర్త్ వైరు క్లిప్పు పెట్టించు, అదీ రంగు వేయని లోహం మీద, ఎందుకంటే రంగు మీద పెడితే స్టాటిక్ కరెంటు దిగదు. మూత మళ్లీ బిగించాకే క్లిప్పు తీయాలి. ప్లాస్టిక్ డబ్బాతో, ప్లాస్టిక్ గరాటుతో పోస్తానంటే ఒప్పుకోకు.

నాకు అన్నిటికంటే భయం పొరపాటున జెట్ ఇంధనం పోయడం. పైపుల్లో మిగిలిన పాత పెట్రోలుతో ఇంజిన్ మామూలుగానే స్టార్ట్ అవుతుంది, విమానం నేల మీద రన్‌వే దాకా నడుస్తుంది కూడా, సరిగ్గా పైకి లేచే సమయంలో జెట్ ఇంధనం లోపలికి చేరి డిటొనేషన్, అంటే సిలిండర్లలో అదుపు తప్పి పేలడం, మొదలవుతుంది, అప్పుడు కింద రన్‌వే ఉండదు. అందుకే ట్రక్కు మీద, గొట్టం మీద 100ఎల్ఎల్ (నీ విమానానికి పోయాల్సిన పెట్రోలు) అని ఉందో లేదో నీ కళ్లతో చూడు, బిల్లు మీద కూడా చూడు. 100ఎల్ఎల్ నీలంగా ఉంటుంది, కానీ రెండూ కలిసిపోతే రంగు చూసి కనిపెట్టడం కష్టం. అనుమానం వస్తే తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి ఆరనివ్వు, నూనె మరక మిగిలితే ఆ విమానం కదలకూడదు.

నింపాక కొన్ని నిమిషాలు ఆగి డ్రెయిన్ చెయ్, అంటే అడుగు నుంచి కొంచెం ఇంధనం కప్పులోకి తీసి చూడు, నీళ్లు బరువు కాబట్టి అడుక్కి దిగడానికి టైమ్ కావాలి. నీ విమానానికి ఒక్కో రెక్క కింద 5, ముక్కు కింద 3, మొత్తం 13 చోట్ల తీయాలి, విసుగనిపించినా ఒక్కటీ వదలకు. కప్పులో పైన నీలంగా, కింద రంగు లేకుండా ఉంటే నీళ్లున్నాయని ఇట్టే తెలుస్తుంది, కానీ కప్పు నిండా నీళ్లే వస్తే మధ్యలో గీతే ఉండదు, చూడటానికి శుభ్రంగా కనిపిస్తుంది. అందుకని రంగు చూడు, వాసన చూడు. ఎంత ఉందో మాత్రం గేజ్‌ని నమ్మకుండా కొలపుల్ల ముంచి చూడు. బరువు లెక్కకి లీటరు సుమారు 0.72 కిలోలు.

ఇక ఆయిల్. నీ ఇంజిన్‌లో 8 క్వార్ట్‌లు (ఒక్కోటి లీటరుకి కాస్త తక్కువ) పడుతుంది, 5 కంటే తక్కువుంటే ఎగరకూడదు. అంచుదాకా నింపితే ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం లోంచి కొంత బయటికి పోయి విమానం పొట్టంతా జిడ్డవుతుంది, నేనైతే 6, 7 మధ్య ఉంచుతాను. ఇంజిన్ ఆపగానే కొలవకు, కిందికి దిగడానికి కొన్ని నిమిషాలు ఆగు. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్‌ని వేడి మీద గట్టిగా బిగిస్తే మళ్లీ ఊడదు, చేత్తో ఒక మోస్తరుగా తిప్పితే చాలు. పోసిన ప్రతి క్వార్ట్‌నీ ఇంజిన్ నడిచిన గంటలతో సహా రాసిపెట్టు, ఎప్పుడూ తాగేదానికంటే ఒక్కసారిగా ఎక్కువ తాగుతోందంటే లోపల ఏదో జరుగుతున్నట్టే. కారు ఆయిల్ మాత్రం పోయనే వద్దు, అందులోని మందుల వల్ల బూడిద పేరుకుని ప్రీ-ఇగ్నిషన్, అంటే ఇంధనం సమయానికి ముందే అంటుకోవడం, వస్తుంది. నీ ఇంజిన్‌ని ఈ మధ్యే ఓవర్‌హాల్ చేశారు, అంటే మొత్తం విప్పి బాగుచేశారు, కాబట్టి మొదటి 50 గంటలు, లేదా ఆయిల్ వాడకం ఒక స్థాయికి వచ్చేదాకా, మందులు కలపని మినరల్ ఆయిలే వాడాలి, ఆ తర్వాతే ఏష్‌లెస్ డిస్పర్సెంట్, అంటే బూడిద మిగల్చకుండా మురికిని పేరుకోనివ్వని ఆయిల్.

వారాల తరబడి ఎగరకపోతే టెన్షన్ పడి నేల మీద పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయకు. ఆయిల్ సరిగ్గా వేడెక్కదు, లోపలి తేమ ఆవిరి కాదు, ఇంజిన్‌లో పైన ఉండే క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే కడ్డీ) తుప్పు పడుతుంది. ఎగిరితే పూర్తిగా ఎగురు, లేకపోతే ముట్టుకోకు. స్టార్ట్ చేసిన ప్రతిసారీ 30 సెకన్లలో ఆయిల్ ప్రెషర్ రాకపోతే ఆలోచించకుండా ఆపేయ్.

50 గంటలకో నాలుగు నెలలకో, ఏది ముందొస్తే అప్పుడు ఆయిల్, ఫిల్టర్ మార్పించు. పాత ఫిల్టర్‌ని మాత్రం పారేయనివ్వకు. దాన్ని కోసి మడతలు విప్పి, లోహపు ముక్కలు ఉన్నాయేమో వెలుతురులో చూడాలి. మొదటిసారి మార్చేటప్పుడు ఫోన్ చెయ్, నేను వస్తాను, కలిసి చూద్దాం.

మీ పెదనాన్న