రంపం కొనే ముందు దుంగను చూడు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. పెరట్లో పడిపోయిన జీడిమామిడిని పొయ్యిలోకి కోసుకుంటాననీ, అందుకు పెట్రోలుతో నడిచే గొలుసు రంపం మిషన్ కొంటాననీ మొన్న అన్నావు. ఫోన్లో అన్నీ చెప్పడం కుదరలేదు, అందుకే రాస్తున్నాను.

ఉన్నది ఒక్క చెట్టు. దానికోసం మిషన్ కొనకు. చెట్టు మొదలు, లావు కొమ్మలు కోయడానికి మిషనున్న మనిషిని ఒక పూటకి పిలిపించుకో. మిగతావి నువ్వే విల్లు రంపంతో కోసుకోవచ్చు. అదే, వంచిన ఇనప గొట్టానికి పల్చటి బ్లేడు బిగించి ఉంటుందే, అది. 24 అంగుళాలది తీసుకో. దుంగ లావు బ్లేడు పొడవులో సగం దాటితే రంపం ఆడించడానికి చోటు చాలదు, పొట్టు బయటికి రాదు.

కొనేటప్పుడు పళ్ళు చూడు. పచ్చి కర్రకైతే కొన్ని కోసు పళ్ళ తర్వాత మధ్యలో చీలినట్టుండే పన్ను ఒకటి ఉండాలి, తడి పొట్టును బయటికి గీకేది అదే. ఎండు కర్రకి అన్నీ ఒకేలా ఉన్న కోసు పళ్ళు చాలు. ఇంట్లో ఉన్న వడ్రంగి రంపం మాత్రం తీయకు. దాని సన్నటి పళ్ళలో తడి పొట్టు ఇరుక్కుని రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. విల్లు రంపం పళ్ళు చాలావరకు గట్టిపరిచి ఉంటాయి, వాటిమీద ఆకురాయి పనిచేయదు. మొద్దుబారితే బ్లేడు మార్చేయడమే. రెండు బ్లేడ్లు కొని ఉంచుకో.

ఇక అసలు సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చినప్పుడు నేనూ రంపం పట్టాను. రెండు గట్లమీద అడ్డంగా పడ్డ దుంగను పైనుంచి కోస్తున్నాను. సగానికి వచ్చేసరికి రంపం పట్టేసింది. ఎంత లాగినా కదలదు. గునపంతో దుంగను ఎత్తి, సందులో చెక్క చీల దిగగొట్టి బయటికి తీస్తే బ్లేడు వంకర పోయింది. మధ్యలో ఆధారం లేని దుంగ కిందికి వంగుతుంది, దాంతో పైనున్న కోత మూసుకుపోతుంది. అలాంటిదాన్ని పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కిందనుంచి పైకి కోయాలి. ఒక కొస గాల్లో వేలాడుతుంటే దీనికి తిరగేసి, ముందు కింద కొంచెం కోసి తర్వాత పైనుంచి రావాలి. లేదంటే కోత పూర్తి కాకుండానే కర్ర నిలువునా చీలుతుంది. నేలకి ఆనుకున్న దుంగను అడుగుదాకా కోయకు, పళ్ళు ఇసుకలోకి దిగితే పదును పోయినట్టే. ముప్పావు వంతు కోసి, దొర్లించి, రెండోవైపు నుంచి కోయి.

నీ చెట్టు వేళ్ళతో సహా లేచి పడిందన్నావు. అదే నాకు టెన్షన్‌గా ఉంది. మాను బరువు వల్లే ఆ వేళ్ళ దిబ్బ పైకి లేచి నిలబడి ఉంది. మాను కోయగానే అది ఒక్కసారిగా వెనక్కి గుంటలోకి పడొచ్చు. పిల్లల్ని ఆ గుంటలోకి దిగనివ్వకు. మిషన్ అతను వచ్చాక ముందు ఆ గుంట ఖాళీగా ఉందో లేదో నువ్వే చూసుకో. అతను బ్లేడు కొస పైభాగంతో కర్రను తాకిస్తున్నా, మిషన్ భుజాల కంటే ఎత్తుకి లేపుతున్నా వెంటనే ఆపించు. కొస తగిలితే మిషన్ ఎగిరి మనిషి మొహం మీదికే వస్తుంది. గొలుసు పదునుగా ఉంటే పెచ్చులు రాలతాయి. పొడిలా రాలుతోందంటే అరిగిందని అర్థం, సాన పట్టమను.

పచ్చిగా ఉండగానే కోసి, చీల్చి, గాలి ఆడేలా పేర్చు. తుమ్మ, చింత అయితే ఎండాక రాయే. జీడి అంత గట్టిది కాదు గానీ ఆలస్యం ఎందుకు?

చీలలు నా దగ్గర నాలుగున్నాయి, ఆదివారం తెస్తాను. అప్పటిదాకా చిన్న కొమ్మలు కోస్తూ ఉండు, మొదలు జోలికి వెళ్ళకు.

మీ మామయ్య