డేటాబేసు విడుదలకు ముందు మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీవూ నీ మిత్రులిద్దరూ రెండేళ్లుగా రాస్తున్న డేటాబేసును వచ్చే నెల ఓపెన్ సోర్స్‌గా, అంటే దాని కోడ్‌ను ఎవరైనా చూసి, వాడుకుని, మార్చుకోగలిగేలా, విడుదల చేయబోతున్నారని మీ అమ్మ చెప్పగా ఎంతో సంతోషించాను. కోడ్ విషయంలో నీకు నేను చెప్పవలసినది ఏమీ లేదు. దాని చుట్టూ చేరబోయే మనుషుల గురించే ఈ ఉత్తరం.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు 1986లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వాన పరిశోధనగా మొదలైంది. విశ్వవిద్యాలయం ఆ పని ముగించాక ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు డేటాబేసును ప్రశ్నలడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్‌ను దానికి జోడించారు. 1996 నాటికి బయటి స్వచ్ఛంద కార్యకర్తలు దానిని చేతుల్లోకి తీసుకుని, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని పేరు మార్చి, ఈనాటికీ నడుపుతున్నారు. పుట్టించినవారు పక్కకు తప్పుకున్నా అది బతికిందంటే, తరువాత వచ్చినవారికి అది పరాయి సొత్తుగా అనిపించకపోవడమే కారణమని నా నమ్మకం. నీ డేటాబేసు విషయంలోనూ నీవు మొదటి రోజు నుంచీ కోరుకోవలసినది అదే.

అందుకు మొదటి మెట్టు, తప్పు చూపించేవారిని ఆదరించడం. తక్కిన సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే మళ్లీ నడుపుకోవచ్చు గాని, డేటాబేసు తప్పు చేస్తే ఒకరి లెక్కలో, ఒకరి వైద్య వివరాలో తిరిగి రాకుండా పోతాయి. కరెంటు పోయి వచ్చాక తన పట్టికలో కొన్ని వరుసలు మాయమయ్యాయని ఎవరైనా రాస్తే, ఆ మనిషిని మించిన ఆప్తుడు మీకు లేడు. చాలా కాలం క్రితం నేను పనిచేసిన ఒక ప్రాజెక్టుకు ఒక విద్యార్థి సరిగ్గా ఇలాంటి సంగతే రాస్తే, 'మీరు వాడే పద్ధతి సరికాదు' అని నేనే ఒక్క వాక్యంలో జవాబిచ్చి ఊరుకున్నాను. ఆరు నెలల తరువాత అదే లోపం మరొకరి సమాచారాన్ని పాడుచేసింది. ఆ విద్యార్థి మళ్లీ మాకు రాయలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. కనుక లోపం మీది కాదని అనిపించినా సరే, అదే లోపం మీ దగ్గర కూడా కనబడుతుందేమో ప్రయత్నించి చూసిన తరువాతే జవాబు రాయండి. అది నిజమైతే ఏ రిలీజ్‌లలో ఉన్నదో దాచకుండా ప్రకటించండి.

రెండవది, నిర్ణయాలు మీ ముగ్గురి గదిలో జరగకూడదు. డిస్కుపై సమాచారం ఉండే రూపాన్ని ఎందుకు మార్చారో, ఇతరులు పంపిన ఏ ప్యాచ్‌ను (కోడ్ సవరణను) ఎందుకు తిరస్కరించారో కొత్తవాడు ఏడాది తరువాత వచ్చినా చదివి తెలుసుకోగలగాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ప్యాచ్ పంపినవారు మరొకరి ప్యాచ్‌ను పరిశీలించాలన్న ఆనవాయితీ ఉంది. పని పంచుకోవడానికీ, కొత్తవారికి కోడ్ నేర్పడానికీ ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు.

లైసెన్స్ సంగతి విడుదలకు ముందే తేల్చుకో, తరువాత మార్చకు. 2024 మార్చిలో రెడిస్ అనే డేటాబేసు లైసెన్స్ వాడుకపై ఆంక్షలు పెట్టేలా మారిన కొద్ది రోజులకే, అంతవరకు దానికి పనిచేసినవారిలో పలువురు లినక్స్ ఫౌండేషన్ నీడన వాల్కీ పేరుతో వేరు కాపురం పెట్టారు. డబ్బు అవసరం మీకూ వస్తుంది. అప్పుడు సహాయానికీ, నిర్వహణకూ రుసుము తీసుకోండి. ఇచ్చిన మాటను మాత్రం వెనక్కు తీసుకోకండి.

మన కళాశాలల్లో చక్కగా ఆలోచించగలిగీ, ఇంగ్లీషులో ప్రశ్న రాయడానికి జంకే పిల్లలు చాలామంది ఉన్నారు. ఇన్‌స్టాల్ చేసే విధానం ఒక్కటైనా తెలుగులో రాసి పెట్టండి, తెలుగులో అడిగినవారికి తెలుగులోనే బదులివ్వండి. దానిని రాసే పని నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను.

మీ ముగ్గురూ కాక నాలుగవ వ్యక్తికి కమిట్ హక్కు (కోడ్‌లో నేరుగా మార్పులు చేర్చే అధికారం) ఎప్పుడు, ఏ ప్రాతిపదికన ఇస్తారో ఒక పేజీలో రాసి, విడుదలకు ముందు నాకు పంపించు.

మీ మామయ్య