రియర్ వీల్ డ్రైవ్ కారుకు మంచుకాలంలో ఆల్ సీజన్ టైర్లు సరిపోతాయా? వెనక రెండిటికీ వింటర్ టైర్లు వేస్తే చాలా?

మీరు అడిగినవి రెండు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న రియర్ వీల్ డ్రైవ్ సెడాన్‌తో, దాని మీద బాగానే ఉన్న ఆల్ సీజన్ టైర్లతోనే మంచుకాలం గడపొచ్చా అన్నది మొదటిది. కుదరదంటే, కారును కదిలించేది వెనక చక్రాలే కాబట్టి వాటికి మాత్రం వింటర్ టైర్లు వేయించి సగం ఖర్చు తప్పించుకోవచ్చా అన్నది రెండోది. రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను, వద్దు. ఆ తెలివైన పని నేను ఒకసారి చేశాను.

నాదీ సెకండ్ హ్యాండ్ కారే. ముందు ఇంజను, వెనక డ్రైవ్, మాన్యువల్ గేర్లు. టైర్ల పక్కన ఎం ప్లస్ ఎస్ అని అచ్చు ఉంది. మడ్ అండ్ స్నో అని అర్థం తెలిశాక ఇంకేం కావాలి అనుకున్నాను. మొదటి మంచు పడిన పొద్దున ఇంటి ముందున్న చిన్న ఎత్తు కూడా ఎక్కలేదు. సైకిల్ మీద కబుర్లు చెప్పుకుంటూ ఎక్కగలిగేంత ఎత్తు అది. వెనక చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి, కారేమో మెల్లగా పక్కకి జరుగుతూ రోడ్డు అంచుకి పోతోంది. అంతలో పక్కింటివాళ్ల ఫ్రంట్ వీల్ డ్రైవ్ చిన్న కారు నన్ను దాటుకుని పైకి వెళ్లిపోయింది. దాంతో తప్పంతా వెనక చక్రాలదే అని నా బుర్రలో నాటుకుపోయింది.

మరుసటి ఏడాది టైర్ల షాపుకి వెళ్లి వెనక రెండిటికే వింటర్ టైర్లు వేయమన్నాను. వేస్తే నాలుగూ వేస్తాం, రెండు వేయం అన్నారు. నాలుగు అమ్ముకోవడానికి అలా అంటున్నారని అనుమానపడి, ఎవరో వాడి తీసేసిన రెండు వింటర్ టైర్లు రిమ్ములతో సహా కొని, నేనే జాకీ పెట్టి మార్చుకున్నాను. నిరుడు మొరాయించిన ఎత్తుని కారు హాయిగా ఎక్కేసింది. పది రోజులు గర్వంగానే తిరిగాను. ఆ తర్వాత ఒక సాయంత్రం, పల్లంలోకి దిగి మరో రోడ్డులో కలిసే చోట బ్రేకు నొక్కాను. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కాలి కింద టకటకలాడుతోంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పి పట్టుకున్నాను, ముందు చక్రాలు కూడా పక్కకి తిరిగే ఉన్నాయి. కారు మాత్రం తిన్నగా పోయి, అడ్డ రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న మంచు కుప్పలో దిగబడింది. ఆ క్షణంలో అడ్డంగా ఏ బండీ రాలేదు కాబట్టి ఒక్క బంపర్‌తో పోయింది.

తర్వాత ఆలోచిస్తే విషయం చాలా తేలిక. బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది, అందుకే కారును ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలది. తిప్పే పని మొత్తం వాటిదే. వెనక టైర్లు ఇచ్చిన పట్టు వల్ల కారు సులువుగా వేగం అందుకునేది, ఆ సులువు చూసి రోడ్డు బాగానే ఉందని నేను నమ్మేవాణ్ని. ముందు టైర్లకి అంత సత్తా లేదన్న సంగతి ఆపాల్సి వచ్చినప్పుడే తెలిసింది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకు ముందు రెండే వేస్తే దీనికి తలకిందులవుతుంది. ముందు భాగం పట్టుకుని ఆగుతుంది, వెనక భాగం పట్టు లేక తిరిగి ముందుకు వచ్చేస్తుంది. ఏ కారుకైనా నాలుగు టైర్లూ ఒకే రకం, వీలైతే ఒకే మోడల్ ఉండాలి. ఇందులో బేరం లేదు.

రియర్ వీల్ డ్రైవ్ మంచులో ఎందుకు తడబడుతుందో కూడా చూద్దాం. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో ఇంజను, గేర్‌బాక్స్ బరువంతా లాగే చక్రాల మీదే కూర్చుంటుంది, మొత్తం బరువులో దాదాపు 60 శాతం అక్కడే. ముందు ఇంజను ఉన్న రియర్ వీల్ డ్రైవ్‌లో వెనక చక్రాల మీద మహా అయితే సగం ఉంటుంది. పొడి రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కగానే బరువు వెనక్కి వాలి ఆ లోటు తీరుస్తుంది. మంచు మీద గట్టిగా కదలడమే కుదరదు కాబట్టి ఆ సాయమూ అందదు. మలుపులో యాక్సిలరేటర్ ఎక్కువైతే కారు వెనక భాగం బయటికి ఊగుతుంది. ఇప్పటి కార్లలో కారు అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ చాలావరకు సర్దుతుంది కానీ, అది ఉన్న పట్టుని నాలుగు చక్రాల మధ్య జాగ్రత్తగా వాడుతుందే తప్ప, లేని పట్టుని తెచ్చిపెట్టలేదు. పట్టు ఇచ్చేది రబ్బరే.

ఆ రబ్బరు సంగతే ఇక్కడ అసలైంది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గాక మామూలు టైరు రబ్బరు బిగుసుకోవడం మొదలవుతుందని టైర్ల వాళ్లు లెక్క చెప్తారు. సరిగ్గా 7 దగ్గర ఏదో స్విచ్ వేసినట్టు మారిపోతుందని కాదు, అదొక గుర్తు. వేసవి టైర్లయితే సున్నాకి దగ్గరయ్యేసరికి ప్లాస్టిక్‌లా అయిపోతాయి. వింటర్ టైరు మిశ్రమం గడ్డకట్టే చలిలో కూడా మెత్తగా ఉండి రోడ్డు గరుకుల్లోకి ఒదుగుతుంది. ట్రెడ్, అంటే రోడ్డుని తాకే భాగం, దాని దిమ్మెల మీద కత్తితో గీసినట్టు వందల కొద్దీ సన్నటి గాట్లు కనిపిస్తాయి చూడండి, చక్రం తిరిగేటప్పుడు అవి విచ్చుకుని వాటి అంచులు మంచుని గీరి పట్టుకుంటాయి. పెద్ద గాడుల్లో మంచు నిండి బిగుసుకోవడం కూడా మంచిదే. మంచు మంచుని పట్టుకున్నంత బాగా రబ్బరు పట్టుకోలేదు, అందుకే వింటర్ టైరు మంచుని కావాలనే కొంచెం మోస్తూ తిరుగుతుంది.

ఆల్ సీజన్ అన్న పేరుని మాత్రం అక్షరాలా నమ్మకండి. గుడ్‌ఇయర్ 1977లో టియెంపో అని తెచ్చిన టైరుతో ఈ రకం జనంలోకి వెళ్లింది. వర్షంలోనూ, కాస్తో కూస్తో మంచులోనూ ఏడాది పొడుగునా ఒకే టైరు అన్నది దాని ఆలోచన. అంతకన్నా నలభై ఏళ్లకి పైగా పాతది వింటర్ టైరు, ఫిన్లాండ్‌లో ఇప్పటి నోకియన్ టైర్స్ పాత కంపెనీ 1934లోనే లారీల కోసం చేసింది. మంచు కోసమే పుట్టిన టైరు ఒకటి, ఏ కాలానికీ చెడ్డపేరు రాకూడదని పుట్టిన టైరు ఇంకొకటి. ఎం ప్లస్ ఎస్ అక్షరాలు ట్రెడ్ ఆకారాన్ని బట్టి తయారుచేసినవాళ్లే వేసుకునేవి, మంచు మీద పరీక్ష పెట్టి ఇచ్చేవి కావు. మీరు వెతకాల్సింది మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని లోపల మంచు రేకు. ఆ గుర్తు 1999లో వచ్చింది. మంచు మీద ఒక ప్రామాణిక టైరుతో పోల్చి చూసి, దానికంటే మెరుగని తేలితేనే అది పడుతుంది. జర్మనీ అయితే 2024 అక్టోబర్ 1 నుంచి ఉత్త ఎం ప్లస్ ఎస్ ఉన్న టైర్లని వింటర్ టైర్ల లెక్కలోంచి తీసేసింది. అయితే ఆ కొండ గుర్తు పరీక్ష మంచు మీదే జరుగుతుంది, నున్నటి ఐసు మీద ఆగడం, తిరగడం అందులో ఉండవు. కొండ గుర్తు ఉన్న టైర్లన్నీ ఒకటే అనుకోవడానికి వీల్లేదు.

ఆ గుర్తు ఉన్న ఆల్ సీజన్ టైర్లు ఇప్పుడు చాలా వచ్చాయి, కొన్నిచోట్ల వాటిని ఆల్ వెదర్ అంటారు. మీకు మంచు ఏడాదికి నాలుగైదు సార్లు పడి, ఒకటి రెండు రోజుల్లో రోడ్లు శుభ్రమైపోయి, మరీ బాగోలేని రోజు కారు తీయకుండా ఇంట్లో కూర్చోగలిగితే, వింటర్ టైర్ల జోలికి పోనక్కర్లేదు, ఈ రకం నాలుగు వేయించుకోండి. నేనిది మొహమాటానికి చెప్పడం లేదు. వాన పడే పది డిగ్రీల రోజున వింటర్ టైరు కంటే ఇదే బాగా ఆగుతుంది. వెచ్చటి రోడ్డు మీద వింటర్ టైరు మెత్తబడి, స్టీరింగ్ తిప్పితే కారు అర క్షణం ఆలోచించి తిరిగినట్టు ఉంటుంది, త్వరగా అరిగిపోతుంది కూడా. కానీ మంచు తోసే బండ్లు రాకముందే తెల్లవారుజామున డ్యూటీకి బయల్దేరేవారైతే, రోడ్డు వారాల తరబడి గట్టిపడిన మంచుతో ఉంటే, దారిలో ఎత్తుపల్లాలుంటే, అచ్చంగా వింటర్ టైర్లే. మీ కారు మీద ఇప్పుడున్నవి ఉత్త ఎం ప్లస్ ఎస్ అయితే రెండో రకం వాడకానికి పనికిరావు.

పట్టు లెక్క ఒకసారి చూడండి. ఘర్షణ గుణకం పొడి రోడ్డు మీద 0.7, 0.8 దాకా ఉంటే, అణిగిన మంచు మీద 0.2, 0.3 ప్రాంతంలో ఉంటుంది, ఐసు మీద 0.1కి పడిపోతుంది. బాగా చలి ఉన్న రోజు కంటే సున్నా దగ్గర ఊగిసలాడే రోజే ఎక్కువ ప్రమాదం, ఐసు మీద పల్చటి నీటి పొర ఏర్పడుతుంది కాబట్టి. ఆపే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 50 బదులు 60లో వెళ్తే 44 శాతం ఎక్కువ దూరం కావాలి. ఏ టైరు వేసినా ఈ లెక్క మారదు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా మారదు, అది కదలడానికే గానీ ఆగడానికి కాదు.

రియర్ వీల్ డ్రైవ్ కార్లలో చాలావాటికి వెనక టైర్లు ముందువాటి కంటే వెడల్పుగా ఉంటాయి. మీదీ అలాంటిదేమో చూసుకోండి. నా కారుకు ముందు 225/45 ఆర్18, వెనక 255/40 ఆర్18 ఉండేవి (మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో). చలికాలానికి నేను నాలుగూ 225/50 ఆర్17 వేసుకున్నాను. చక్రం మొత్తం ఎత్తు 18 అంగుళాలదానికి 660 మిల్లీమీటర్లు, 17దానికి 657, అంటే స్పీడోమీటర్ తేడా అర శాతం కూడా లేదు. వెడల్పు తగ్గితే టైరు మంచు మీద తేలకుండా కోసుకుంటూ కిందికి దిగుతుంది, పక్క గోడ ఎత్తు పెరిగింది కాబట్టి మంచు కింద దాక్కున్న గుంటలకి రిమ్ము వంగే భయం తగ్గుతుంది. నాలుగూ ఒకే సైజు కావడంతో ముందువి వెనక్కి మార్చి సమంగా అరగదీయొచ్చు కూడా. చిన్న రిమ్ము లోపల మీ బ్రేకు క్యాలిపర్ పడుతుందో లేదో కొనే ముందే చూసుకోవాలి. తలుపు సందులో అతికించిన స్టిక్కర్‌లోనో, కారు పుస్తకంలోనో కంపెనీ ఒప్పుకున్న సైజులు ఉంటాయి.

మంచి టైర్లున్నా రియర్ వీల్ డ్రైవ్‌లో నన్ను భయపెట్టింది యాక్సిలరేటర్ తొక్కడం కాదు, ఉన్నట్టుండి వదిలేయడం. పల్లంలో తక్కువ గేరులో ఉండి కాలు తీసేస్తే ఇంజను బ్రేకింగ్ మొత్తం వెనక చక్రాల మీదే పడుతుంది, మలుపులో ఉంటే వెనక భాగం జారుతుంది. హ్యాండ్ బ్రేకు కొంచెం లాగినట్టే. వెనక మోటారు ఉన్న ఎలక్ట్రిక్ కార్లలో రీజనరేటివ్ బ్రేకింగ్, అంటే కాలు తీయగానే మోటారే కారును నెమ్మదింపజేసి బ్యాటరీ నింపుకోవడం, కూడా ఇదే చేస్తుంది, జారే రోజున దాన్ని తగ్గించుకునే వీలుంటే తగ్గించుకోండి. కదిలేటప్పుడు రెండో గేరులో, క్లచ్ మెల్లగా వదులుతూ కదలండి. మంచులో ఇరుక్కుంటే మాత్రం, చక్రాలు ఊరికే తిరగకుండా అడ్డుకునే ట్రాక్షన్ కంట్రోల్ ఆపేయాలి, లేకపోతే అది ఇంజను గొంతు నొక్కేసి కారును కదలనివ్వదు. బయటపడ్డాక మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవద్దు.

డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకోమని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. ఖాళీగా తిరిగే పికప్ బండికి అది పనిచేస్తుంది. సెడాన్‌లో కదలడానికి కొంచెం ఉపయోగపడినా ఆపాల్సిన బరువు పెరుగుతుంది, కట్టకుండా వదిలేస్తే బ్రేకు వేసినప్పుడు ముందుకు వచ్చి పడుతుంది. నేను ఒక్క చలికాలం మోశాను, బస్తా చిరిగి డిక్కీ నిండా ఇసుక అయ్యాక మానేశాను.

చలికి టైరులో గాలి తగ్గుతుంది, దాదాపు ప్రతి 5, 6 డిగ్రీలకి ఒక పీఎస్ఐ. పొద్దున్నే డాష్‌బోర్డు మీద టైరు లైటు వెలిగితే పంక్చరే అనుకుని టెన్షన్ పడక్కర్లేదు, గాలి చూసి పట్టించండి. వాడిన వింటర్ టైర్లు కొంటుంటే రెండు విషయాలు చూడండి. ట్రెడ్ లోతు 4 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మంచులో దాని పని అయిపోయినట్టే, చాలా దేశాల్లో చట్టం 1.6 దాకా ఒప్పుకున్నా సరే. రెండోది పక్క గోడ మీద నాలుగంకెల తేదీ. 3523 అని ఉంటే 2023లో 35వ వారం అని. నేను కొన్న ఆ రెండు టైర్లకి ట్రెడ్ నిండుగా కనిపించింది, తేదీ చూస్తే తొమ్మిదేళ్ల పాతవి, గోరు దిగనంత గట్టి. అదీ నేను తర్వాత చూసుకున్నదే.

వింటర్ టైర్లకి విడిగా రిమ్ములు కొంటే ప్రతిసారీ టైరు ఊడదీసి ఎక్కించే పని ఉండదు, ఇంట్లోనే మార్చుకోవచ్చు. మార్చాక బోల్టులు టార్క్ రెంచితో (ఎంత బిగించామో కొలిచి చూపే పానాతో) బిగించి, 100 కిలోమీటర్లలోపు మరోసారి చూడండి. తీసిన టైర్ల మీద ఏది ఏ మూలదో సుద్దతో రాసి, ఎండ తగలని చోట పెట్టండి. మీ ఆల్ సీజన్ టైర్లు బాగానే ఉన్నాయంటున్నారు కదా, అవి వసంతంలో మళ్లీ ఎక్కుతాయి. ఆరు నెలలు ఇవి, ఆరు నెలలు అవి అరుగుతాయి కాబట్టి రెండు సెట్లూ ఎక్కువ కాలం వస్తాయి. రెండు టైర్లు ఆదా చేద్దామనుకున్న నా లెక్కలో ఇది లేదు, బంపర్ ఖర్చు కూడా లేదు.