'సత్యమేవ జయతే' లాంటి టీవీ కార్యక్రమాల వల్ల మన వైద్యరంగంలో నిజంగా ఏమైనా మారిందా?

మా ఇంట్లో మారింది. దేశం సంగతి తర్వాత చెబుతాను.

2012 మే 27, ఆదివారం. ఆమిర్ ఖాన్ కార్యక్రమం ఈటీవీలో తెలుగులో వస్తోంది. ఆ వారం విషయం వైద్యం. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఒక ఊళ్లో ఆడవాళ్లకు అవసరం లేకుండా గర్భసంచులు తీసేశారని చూపించారు. అమ్మ కూరలు తరగడం ఆపేసి అలాగే చూస్తూ కూర్చుంది. వచ్చే గురువారం మా అక్కకు అదే ఆపరేషన్ మరి.

అక్కకు అప్పుడు 38 ఏళ్లు. బ్లీడింగ్ ఎక్కువవుతోందని వెళ్తే స్కానింగ్ చేసి, "గడ్డ ఉంది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది, పిల్లలు పుట్టేశారుగా, ఇంకా సంచి ఎందుకు?" అన్నారు. క్యాన్సర్ అనే మాట వినగానే మాకెవరికీ నోరు పెగల్లేదు. అడ్వాన్సు కూడా కట్టేశాం.

కార్యక్రమం అయిపోయాక అమ్మ, "ఇంకో డాక్టరమ్మకు చూపిద్దాం రా" అంది.

మర్నాడు రిపోర్టుల కోసం నేనే వెళ్లాను. "ఆపరేషన్ ఇక్కడే కదా, రిపోర్టులు మీకెందుకు?" అని కౌంటర్లో ఇవ్వలేదు. రెండు గంటలు నిలబెట్టారు. పేషెంట్ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. అప్పుడు నాకు తెలియదు. తెలిసుంటే కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకునేవాణ్ణి. మీరు మాత్రం అలాగే చేయండి. గొడవపడి గొడవపడి చివరికి స్కానింగ్ ఫిల్మ్ ఒక్కటి తెచ్చుకోగలిగాను.

రెండో డాక్టరమ్మ ఫిల్మ్ చూసి, అక్క కనురెప్ప కిందకు లాగి చూశారు. "గడ్డ చిన్నదే. ఇలాంటివి క్యాన్సర్ కావడం చాలా అరుదు. ముందు ఈమెకు రక్తం పట్టాలి" అని మాత్రలు రాశారు. నాలుగు నెలల్లో బ్లీడింగ్ అదుపులోకి వచ్చింది.

ఇక దేశం సంగతి. ఆ ఎపిసోడ్ మీద ఇండియన్ మెడికల్ అసోసియేషన్ క్షమాపణ అడిగింది, ఆమిర్ చెప్పనన్నాడు. మందులను జనరిక్ పేర్లతో, చదవగలిగేలా రాయాలని 2016లో మెడికల్ కౌన్సిల్ నిబంధన పెట్టింది. మాకు వచ్చే చీటీలు మాత్రం ఇప్పటికీ అర్థం కావు. అంతకంటే కోపం తెప్పించేది, పొద్దున్నే కొన్ని ఛానెళ్లలో వచ్చే డాక్టర్ల ఫోన్-ఇన్‌లు. వాటిలో చాలావరకు ఆసుపత్రులు డబ్బు కట్టి కొనుక్కున్న టైమే. ఆ ముక్క తెర మీద పెద్ద అక్షరాలతో ఎందుకు వేయరు? మా పిన్ని అది నమ్మి ఫోన్ చేసి, నేరుగా ఆ ఆసుపత్రికే వెళ్లి చేరింది.

ఒక్క నిజమైన కార్యక్రమం పది జీవోల కంటే ఎక్కువ పని చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. జీవోలు మా అమ్మ చదవదు, టీవీ చూస్తుంది.

అక్కకు ఇప్పుడు యాభై దాటాయి. నెలసరి దానంతటదే ఆగిపోయింది. ఆపరేషన్ అవసరం రాలేదు.