రాఫ్టింగ్ ఫారం మీద సంతకం పెట్టాం, పరిహారం అడగొచ్చా?

ప్రశ్న: మాది బొబ్బిలి. గత మే నెలలో ఇంటిల్లిపాదీ రిషికేశ్ వెళ్లాం. శివపురి దగ్గర రాఫ్టింగ్‌కి నేనే ఫోన్‌పేలో డబ్బు కట్టాను. అల తాకిడికి మా తమ్ముడు గంగలో పడ్డాడు. గైడ్ చెయ్యి పట్టుకుని పైకి లాగేసరికి భుజం కీలు తప్పింది. విజయనగరంలో ఆపరేషన్ చేయించాం. వాడు ఎలక్ట్రీషియన్, నాలుగు నెలలుగా పనికి వెళ్లలేదు. నిర్వాహకుణ్ణి అడిగితే, ‘గాయాలకు మా బాధ్యత లేదు’ అన్న ఇంగ్లిషు ఫారం మీద మీరే సంతకం పెట్టారు కదా అంటున్నాడు. మాకు దారి ఉందా? కేసు కోసం అక్కడికే వెళ్లాలా?
– ఒక సోదరి, బొబ్బిలి

జవాబు: వెళ్లక్కర్లేదమ్మా. ఫిర్యాదుదారు నివాసం ఉన్న చోటే కేసు వేసుకునే వీలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ఇచ్చింది. కాబట్టి విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. డబ్బు కట్టింది మీరు, దెబ్బ తగిలింది తమ్ముడికి. మీ సమ్మతితో ఆ సేవ పొందాడు గనుక చట్టం దృష్టిలో అతనూ వినియోగదారుడే. ఇద్దరి పేర్లతో ఫిర్యాదు వేస్తే ఎవరికి హక్కుందన్న పేచీ రాదు.

ఇక సంతకం సంగతి. రాఫ్ట్ మీద నుంచి జారిపడటం, నీళ్లు మింగడం, ఒక్కోసారి రాఫ్టే తిరగబడటం ఆ ఆటలో ఉన్నవే. సంతకంతో మీరు ఒప్పుకున్నది ఆ ప్రమాదాన్ని. నిర్వాహకుడి నిర్లక్ష్యానికి కూడా ఆ కాగితం రక్ష అవుతుందని నేననుకోను. తాజ్‌మహల్ హోటల్ వర్సెస్ యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కేసులో, పార్కింగ్‌కి అప్పగించిన కారు పోతే, చీటీ మీద ‘ఓనర్ రిస్క్’ అని రాసి ఉందని హోటల్ వాదించింది. తన నిర్లక్ష్యం ఉన్నప్పుడు అలాంటి షరతు చూపించి హోటల్ తప్పించుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2019 నవంబరు 14న చెప్పింది. అది వస్తువు అప్పగింతకు సంబంధించిన తీర్పు, మీది మనిషి ఒంటికి తగిలిన దెబ్బ. అచ్చంగా ఒకటే కాకపోయినా మీ వాదనకి గట్టి ఆసరా.

అందుచేత మీ కేసంతా ఒక్క ప్రశ్న మీద నిలబడుతుంది: తమ్ముడు నీళ్లలో పడ్డాక గైడ్ ఏం చేశాడు? నీళ్లలో ఉన్న మనిషిని రాఫ్ట్‌లోకి లాగేటప్పుడు లైఫ్ జాకెట్ భుజాల పట్టీలు రెండూ పట్టుకోవాలి. మోకాళ్లు రాఫ్ట్ అంచుకి ఆనించి, వెనక్కి వాలుతూ తన బరువుతో లాగాలి. ఒక్క చెయ్యి పట్టి గుంజితే, కింద ప్రవాహం ఒంటిని అటు ఈడుస్తుంటే, బరువంతా భుజం కీలు మీద పడుతుంది. కీలు తప్పేది అలాగే. ఇది గైడ్లకి మొదట నేర్పే పాఠాల్లో ఒకటి కాబట్టి ‘అనుకోకుండా జరిగింది’ అనడం వాళ్లకి కష్టం.

రాఫ్టింగ్ వాళ్లు హెల్మెట్ కెమెరాతో తీసిన వీడియో అమ్ముతుంటారు. మీరు కొని ఉంటే అదే మీ ప్రధాన సాక్ష్యం. వాట్సాప్‌లో వచ్చిన కాపీతో సరిపెట్టుకోకుండా అసలు ఫైలు, అది ఉన్న ఫోన్ భద్రంగా ఉంచండి. దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఆ ఫైలు ఎక్కడిదో ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి. వీడియో చూస్తున్నప్పుడు ఇంకొన్ని గమనించండి. జాకెట్ భుజాలు పట్టి పైకి లాగితే చెవుల దాకా లేచేంత వదులుగా ఉందా? హెల్మెట్ బకిల్ పడిందా? వెంట రక్షణ కయాక్ (పడినవాళ్లని కాపాడే చిన్న పడవ) వచ్చిందా? బయల్దేరే ముందు సూచనలు హిందీలోనే చెప్పేసి, అర్థమైందో లేదో అడగకుండా రాఫ్ట్ ఎక్కించారా? మన ప్రాంతం నుంచి వెళ్లేవాళ్లకి ఈ చివరిది చాలా ముఖ్యం. అదే రాఫ్ట్‌లో ఉన్న మీవాళ్లు ఇద్దరి చేత, తాము కళ్లతో చూసింది మాత్రమే రాసి అఫిడవిట్లు ఇప్పించండి.

ఉత్తరాఖండ్‌లో రాఫ్టింగ్‌కి 2014 నుంచి నియమావళి ఉంది, అనుమతి లేకుండా నడపకూడదు. ఆ సంస్థకి, ఆ గైడ్‌కి ఆ రోజు నాటికి అనుమతి ఉందో లేదో ఆ రాష్ట్ర పర్యాటక శాఖకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఒక మెలిక చెబుతాను, ఇక్కడ చాలామంది తడబడతారు. ఫారంలోని షరతు ‘అన్యాయ ఒప్పందం’ అని, దాన్ని రద్దు చేయాలని కోరితే ఆ అధికారం రాష్ట్ర కమిషన్‌ది, జిల్లా కమిషన్‌ది కాదు. మీరు ఆ కోరిక పెట్టకండి. సేవాలోపం జరిగిందని, దానికి పరిహారం కావాలని మాత్రమే రాయండి. ఫీజు గురించి భయం వద్దు. అది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, సేవకి చెల్లించిన సొమ్మును బట్టి ఉంటుంది. 5 లక్షల లోపు చెల్లింపుకి ఫీజే లేదు.

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. మీ సంతకం ఉన్న ఫారం కాపీ కూడా అందులోనే అడగండి. ఇవ్వకపోతే కమిషన్ ద్వారా తెప్పించుకోవచ్చు. నోటీసు ఇచ్చినా కాలపరిమితి ఆగదు, ప్రమాదం జరిగిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు పడాలి. వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ వేదిక ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. ప్లీడరు ఖర్చు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, స్త్రీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత సహాయం ఇస్తారు. ఫోన్ 15100. తీర్పుకి చట్టం మూడు నెలలంటుంది గానీ అంతకంటే ఎక్కువే పడుతుందని సిద్ధపడండి.

పరిహారం లెక్కలో ఆసుపత్రి బిల్లులు సులువు, పోయిన కూలి కష్టం. తమ్ముడికి పని ఇచ్చే కాంట్రాక్టర్ చేత అఫిడవిట్, ప్రమాదానికి ముందు ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టండి. చెయ్యి తల పైకి లేవక నిచ్చెన మీద పని చేయలేని స్థితి మిగిలిపోతే, వైకల్య శాతానికి సదరం సర్టిఫికెట్ అవసరం.

పోలీసు కేసు కూడా పెట్టొచ్చు. కీలు తప్పడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. నిర్లక్ష్యంతో దాన్ని కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125 కింద మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. బొబ్బిలిలో జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం వేరే చోట జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) ఇచ్చినా దర్యాప్తు, సాక్ష్యాలు అన్నీ రిషికేశ్ వైపే. పరిహారమే కావాలనుకుంటే అది లేకుండానే కమిషన్‌కి వెళ్లొచ్చు, నా సలహా కూడా అదే.

నోటీసు అందాక ఆసుపత్రి ఖర్చు ఇచ్చేస్తాం, రాజీకి రండి అని ఫోన్ రావచ్చు. భుజం ఎంతవరకు కుదుటపడుతుందో ఆపరేషన్ చేసిన డాక్టరు కాగితం మీద రాసి ఇచ్చేదాకా, ‘పూర్తి, తుది పరిష్కారం’ అన్న మాట ఉన్న దేనిమీదా తమ్ముణ్ణి సంతకం పెట్టనివ్వకండి.