వంచిన ఊచ అయిదేళ్ల తరువాత ఎందుకు విరిగింది?

ప్రశ్న: పైఅంతస్తు కోసం పిల్లర్ల మీద వదిలిన 12 మిల్లీమీటర్ల టీఎంటీ ఊచలను, పిల్లలకు తగలకుండా అయిదేళ్ల కిందట స్లాబు మీదికి వంచాము. ఇప్పుడు మేస్త్రీ పైపు తొడిగి లేపుతుంటే రెండు ఊచలు వంపు దగ్గరే విరిగాయి. కొత్త ఊచను వంచి వెంటనే సాపు చేస్తే మాత్రం విరగలేదు. మేము కొన్నది నాసిరకం ఇనుమా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: ఇంతమాత్రాన నాసిరకమని తేల్చలేము. మేస్త్రీ చేసిన పరీక్షలో ఊచ కొత్తదన్నదానికంటే, మధ్యలో గడిచిన అయిదేళ్లు లేకపోవడమే పెద్ద తేడా.

ఊచను దాని మందానికి నాలుగింతల వ్యాసమున్న కడ్డీ చుట్టూ వంచినా వెలుపలి పొర సుమారు 20 శాతం సాగుతుంది, లోపలి పొర దాదాపు అంతే నలుగుతుంది. స్లాబు అంచున పైపుతో వంచితే వంపు ఇంకా బిగుసుగా వస్తుంది. అప్పుడు ఉక్కు స్ఫటికాలలో డిస్లొకేషన్లనే లోపాలు (పరమాణువుల వరుస తప్పిన చోట్లు) విపరీతంగా పెరుగుతాయి. ఉక్కులో కరిగి ఉన్న కార్బన్, ముఖ్యంగా నైట్రోజన్ పరమాణువులు, మామూలు వాతావరణపు వేడిలోనే మెల్లగా కదిలి వాటిని పట్టుకుని కట్టిపడేస్తాయని కాట్రెల్, బిల్బీ అనే శాస్త్రవేత్తలు 1949లో వివరించారు. కాలం గడిచేకొద్దీ జరిగే ఈ మార్పునే ఏజింగ్ అంటారు. ఇలా ఏజింగ్ జరిగిన ఉక్కును లాగి పరీక్షిస్తే ఈల్డ్ బలం (శాశ్వతంగా సాగడం మొదలయ్యే బలం) మునుపటికంటే పెరిగి కనిపిస్తుంది, సాగే గుణం మాత్రం తగ్గిపోతుంది. బలం పెరిగిందని సంతోషించవలసినది కాదు, ఎందుకంటే భూకంపంలో ఇంటిని కాచేది ఆ సాగుడే. విరిగిన ముక్కను పరిశీలించండి: పగులు సాధారణంగా వంపు లోపలి వైపున, ఊచ మీది ఉబ్బెత్తు గీతల (రిబ్బుల) మొదట్లో మొదలవుతుంది, ఎందుకంటే అప్పుడు నలిగిన పొరే ఇప్పుడు లాగబడింది.

ఇలాంటి ఊచలకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 దీన్ని పరీక్షిస్తుంది: ఊచను వంచి, మరిగే నీటిలో అరగంట ఉంచి, చల్లారాక కొంత వెనక్కి వంచినా పగలకూడదు. ఆ అరగంట ఏజింగ్‌ను త్వరపెట్టడానికే.

మిగిలిన ఊచలను ఇక లేపించకండి. ఇంజినీరు అనుమతి లేనిదే తిరిగి సాపు చేయరాదని కాంక్రీటు నిర్మాణాల ప్రమాణం ఐఎస్ 456 కూడా చెబుతుంది. గ్యాస్‌తో కాల్చి వంచడమూ వద్దు: 200–300 డిగ్రీల వద్ద ఉక్కు మరింత పెళుసుగా ఉంటుంది, ఎర్రగా కాలిస్తే టీఎంటీ పైపొర గట్టిదనం పోతుంది. వంపు కిందికి కోసి, తగినంత నిటారు ఊచ మిగిలితే కప్లర్లతోనో (రెండు ఊచల కొసలను కలిపే గొట్టాలు), లేకుంటే కాంక్రీటులో రంధ్రం చేసి ఎపాక్సీ అనే జిగురుతో బిగించిన కొత్త ఊచలతోనో పొడిగించడం ఇంజినీరు చూసి నిర్ణయించాలి. ఇకపై వదిలే ఊచలను వంచకుండా నిటారుగానే నిలిపి, చుట్టూ సిమెంటు తక్కువ కలిపిన (లీన్) కాంక్రీటు పోయించండి.